కొంగుకు ముడి వేసే కంప్యూటరు

సంతకు బయలుదేరిన ఇల్లాలు గుమ్మం దాటుతూ చీర కొంగుకు ఒక ముడి వేసుకుంటుంది. ఇంగువ మరిచిపోకూడదని ఒక ముడి, కోమటి కొట్లో పాత బాకీ తీర్చాలని ఇంకొక ముడి. దారిలో చెయ్యి కొంగుకు తగలగానే సంగతి గుర్తుకు వస్తుంది. ముడికి తెలివితేటలంటూ ఏమీ లేవు. అది చేసే పనల్లా సరైన సమయానికి చేతికి తగలడమే.

పెద్ద పెద్ద చదువులు చదివిన డాక్టర్లకు కూడా ఇలాంటి ముడి ఒకటి కావాలనీ, అది ఉన్నచోట ప్రాణాలు నిలుస్తాయనీ అంటే కొందరికి నవ్వు రావచ్చు. కాని గత యాభై ఏళ్ళలో వైద్యులే తమను తాము పరీక్షించుకుని తేల్చిన నిజం ఇది. ఆ ముడి పేరు కంప్యూటరు హెచ్చరిక. దాని కథ మనకెందుకంటారా? ఒక్కసారి చేవెళ్ళ దాకా వెళ్ళి వద్దాం రండి.

మర్రిచెట్ల దారిలో

హైదరాబాదు నుంచి బీజాపూరు పోయే రోడ్డున పడమటికి సాగితే, నగరం సద్దు తగ్గేసరికి మొయినాబాదు వస్తుంది. అది దాటితే చేవెళ్ళ. దారి పొడుగునా ఊడలు దించిన మర్రిచెట్లు వందల కొద్దీ కనిపిస్తాయి. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని కొట్టవలసిందేనా అని చాలా ఏళ్ళు వాదోపవాదాలు జరిగాయి. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత కట్టిన గండిపేట, హిమాయత్‌సాగరు చెరువులు ఈ పక్కనే ఉన్నాయి. కూరగాయలు, పూలు పండించి నగరానికి పంపే పల్లెలు ఇవి. చిలుకూరు బాలాజీ గుడి మొయినాబాదు మండలంలోదే.

చిలుకూరు వెళ్ళినవారికి ఒక దృశ్యం పరిచయమే. కోరిక కోరుకునేటప్పుడు పదకొండు ప్రదక్షిణలు, తీరిన తరువాత నూట ఎనిమిది. నూట ఎనిమిది చుట్లు లెక్క తప్పకుండా తిరగడం ఎంత భక్తుడికైనా కష్టమే. అందుకే చేతిలో అంకెలు వేసిన చిన్న కార్డు పట్టుకుంటారు. చుట్టు తిరిగినప్పుడల్లా ఒక అంకె కొట్టేస్తారు. కార్డు పట్టుకున్నంత మాత్రాన భక్తి తక్కువని ఎవరూ అనరు గదా! మనిషి బుర్రకు ఒక హద్దు ఉందని ఒప్పుకోవడం, అంతే.

ఇప్పుడు ఈ ప్రాంతంలోనే ఒక పల్లెలో అరవై ఎనిమిదేళ్ళ పెద్దావిడ ఒకామె ఉన్నదనుకుందాం. పదేళ్ళుగా షుగరు, చలికాలం వస్తే ఆయాసం. నెలకొకసారి మాత్రలకోసం దవాఖానకు వెళ్తుంది. అక్కడ పొద్దుటినుంచీ జనం బారులు తీరి ఉంటారు. డాక్టరు షుగరు ఎంతున్నదో చూసి, కాళ్ళలో తిమ్మిరి ఉన్నదా అని అడిగి, మాత్రలు రాసి, "మళ్ళీ నెలకు రా పెద్దమ్మా" అంటారు. మొత్తం మూడు నిమిషాల పని. షుగరూ ఆయాసమూ ఉన్న మనిషికి ఏటా ఫ్లూ టీకా వేయాలని ఆ డాక్టరుకు తెలియదా? నిక్షేపంగా తెలుసు. పరీక్షలో అడిగితే రెండు పేజీలు రాయగలరు. కాని ఆ మూడు నిమిషాలలో ఆ సంగతి తలపుకు రాలేదు.

వానాకాలంలో ఆమెకు జ్వరం వస్తుంది. మామూలు పడిశమే అనుకుంటారు. మూడో రోజుకు ఊపిరి ఆడదు. ఇంటిల్లిపాదీ కారు మాట్లాడుకుని ఆమెను నగరానికి తీసుకుపోతారు. ఇదంతా కల్పించి చెప్పిందే. అయినా ఇలాంటిది తమ బంధువర్గంలో జరగలేదని గట్టిగా చెప్పగలవారు తక్కువమంది.

ఫ్లూ అంటే పడిశమేనా?

మన భాషలో వచ్చిన చిక్కు ఏమిటంటే, ముక్కు కారినా ఫ్లూయే, వెయ్యిమందిని పొట్టన పెట్టుకున్నా ఫ్లూయే. నిజానికి ఇన్‌ఫ్లుయెంజా అనేది ఒక ప్రత్యేకమైన వైరసు వల్ల వచ్చే జబ్బు. పూర్వం ఇటలీవారు గ్రహాల ప్రభావం వల్ల ఇది వస్తుందనుకుని ఆ పేరు పెట్టారు. మనిషి ఫ్లూకు మూలమైన వైరసును ఇంగ్లండులో శాస్త్రజ్ఞులు 1933లో కనిపెట్టారు.

దాని చరిత్ర మన దేశంలో భయంకరమైనది. 1918లో బొంబాయి రేవులో దిగి, రైళ్ళ వెంట పాకి, కొద్ది నెలల్లో కోటిమందికి పైగా భారతీయులను బలిగొన్నది. 1957లో సింగపూరునుంచి మద్రాసు వచ్చిన ఓడలో మళ్ళీ దిగింది. ఆ మే నెల మొదలు మరుసటి ఫిబ్రవరి వరకు దేశంలో 44 లక్షలమందికి పైగా ఫ్లూ పడ్డట్టు లెక్క తేలింది. లెక్కకు ఎక్కిన మరణాలు 1,098.

తరువాతి కథ మన వాకిట్లోనే మొదలయింది. 2009 మే నెలలో దేశంలోకెల్లా మొట్టమొదటి స్వైన్ ఫ్లూ రోగి బయటపడ్డది హైదరాబాదులోనే. అమెరికానుంచి వచ్చి శంషాబాదు విమానాశ్రయంలో దిగిన ఒక యువకుడు. అతన్ని ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రిలో ఉంచి వైద్యం చేశారు. ఆ విమానాశ్రయం మొయినాబాదుకు పొరుగే. 2015లో ఆ జబ్బు మరొకసారి విజృంభించినప్పుడు దేశంలో 42 వేలమందికి పైగా రోగులు తేలారు, దాదాపు 3 వేలమంది చనిపోయారు. అప్పుడు తెలంగాణ కూడా బాగా దెబ్బతిన్నది.

దీనికి టీకా ఉన్నది. అమెరికాలో 1945 నుంచీ వాడుకలో ఉన్నది. అయితే ఇది ఒకసారి వేయించుకుంటే జన్మకు చాలదు. ఫ్లూ వైరసు ఏటికేడాది వేషం మారుస్తుంది. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలో ఒకసారీ సెప్టెంబరులో ఒకసారీ, రాబోయే కాలానికి టీకాలో ఏ రకాలు ఉండాలో ప్రకటిస్తుంది. టీకా పొడిపించుకున్న రెండు వారాలకుగాని రక్షణ రాదు. జోడీ బాగా కుదిరిన సంవత్సరాలలో కూడా వందకు నలభై నుంచి అరవై పాళ్ళు మాత్రమే జబ్బును ఆపుతుంది. పూర్తి కవచం కాదు. అయినా ముసలివారికీ, గర్భిణులకూ, పసిపిల్లలకూ, షుగరు, ఆయాసం, గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికీ ఆ మాత్రం రక్షణే చావు బ్రతుకుల మధ్య అడ్డుగోడ కావచ్చు. గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరినవారికి వెంటనే ఫ్లూ టీకా వేసి చూసిన పరిశోధన ఒకటి 2021లో వెలువడింది. మన పొరుగు బంగ్లాదేశ్ రోగులు కూడా అందులో ఉన్నారు. ఏడాది తిరిగేసరికి టీకా వేయించుకోనివారిలో నూటికి 4.9 మంది పోతే, వేయించుకున్నవారిలో 2.9 మంది మాత్రమే పోయారు.

ఇంత మేలు చేసే సూది ఎందుకు పడదు? ఖరీదు ఒక కారణం, అపోహలు ఒక కారణం. మూడో కారణం చాలా చిన్నది. ఎవరికీ గుర్తు రాకపోవడం.

మతిమరుపు ఎవరిది?

అమెరికాలో ఇండియానాపోలిస్ అనే నగరం ఉన్నది. అక్కడ క్లెమెంట్ మెక్‌డోనాల్డ్ అనే వైద్యుడు 1970లలో ఒక వింత ప్రయోగం చేశాడు. రోగుల కేసుషీట్లను కంప్యూటరులోకి ఎక్కించాడు. రోగి రాకముందే కంప్యూటరు ఆ షీటు తిరగేసి, "ఈ మందు వాడుతున్నాడు గనుక ఫలానా పరీక్ష చేయించండి" అని ఒక కాగితం ముద్రించి డాక్టరు ముందు పెట్టేది. సగం సందర్భాలలో కాగితం ఇచ్చారు, సగంలో ఇవ్వలేదు. డాక్టర్లు మాత్రం వాళ్ళే.

ఫలితం 1976లో ప్రకటించాడు. కాగితం లేనప్పుడు డాక్టర్లు చేయవలసిన పని నూటికి 22 సార్లు చేశారు. కాగితం ఉన్నప్పుడు 51 సార్లు. ఆ తప్పులు అజ్ఞానంవల్ల జరిగినవి కావనీ, ఇన్ని సంగతులు ఒకేసారి బుర్రలో పెట్టుకోవడం మనిషికి శక్యం కాదనీ మెక్‌డోనాల్డ్ తేల్చాడు. డాక్టర్లను మందలించి లాభం లేదు, మళ్ళీ బడికి పంపి లాభం లేదు. ముడి వేసిన కొంగు ఒకటి చేతికివ్వాలి.

తరువాత అదే బృందం ఫ్లూ టీకా మీద దృష్టి పెట్టింది. కంప్యూటరు హెచ్చరిక అందుకున్న డాక్టర్ల రోగులకు టీకా దాదాపు రెట్టింపు పడ్డదని 1992లో రాశారు.

అసలు ఆశ్చర్యం 2001లో బయటికి వచ్చిన ఇంకొక ఫలితం. ఆస్పత్రిలో మంచం పట్టిన రోగులకు డాక్టరు మందులు రాసేది కంప్యూటరులోనే. రోగి వయస్సు, జబ్బులు చూసి, ఇతనికి ఫ్లూ టీకా అవసరమని తోస్తే కంప్యూటరు ఆ ఆర్డరు తానే తయారుచేసి తెర మీద నిలబెట్టేది. డాక్టరు ఒక మీట నొక్కితే చాలు. వద్దనుకుంటే తోసెయ్యవచ్చు. హెచ్చరిక లేని జట్టులో టీకా అవసరమైన రోగులలో ఎంతమందికి ఆర్డరు పడ్డదో తెలుసునా? నూటికి ఒక్కరికి! హెచ్చరిక ఉన్న జట్టులో నూటికి 51 మందికి పైగా. ఒకే ఆస్పత్రి, ఒకే టీకా. మధ్యలో తేడా అల్లా ఒక జ్ఞాపకం.

దస్త్రం ఎలా మాట్లాడుతుంది?

ఇందులో మంత్రమేమీ లేదు. పాతకాలపు కేసుషీటు మూగది. మనం తెరిచి చదివితేనే దాని కడుపులోని సంగతి తెలుస్తుంది. కంప్యూటరు దస్త్రంలో వయస్సు ఒక గడిలో, జబ్బు పేరు ఒక గడిలో, వేసిన టీకాల తేదీలు ఒక గడిలో విడివిడిగా ఉంటాయి. రోగి పేరు కొట్టగానే యంత్రం మూడు ప్రశ్నలు వేసుకుంటుంది. ఈమె టీకా కావలసినవారిలో ఉన్నదా? ఈ ఏడాది పడ్డదా? వేయకూడని కారణం ఏదైనా రాసి ఉన్నదా? మొదటిదానికి అవును, తక్కిన రెండింటికీ కాదు అని వస్తే, తెర మీద ఒక వరుస వెలుగుతుంది: "ఫ్లూ టీకా వేయవలసి ఉన్నది."

దీన్నిబట్టి ఒక మెలిక కూడా అర్థమవుతుంది. గడిలో రాయనిది యంత్రానికి తెలియదు. టీకా ఇంకొకచోట వేయించుకుని ఇక్కడ చెప్పకపోతే వేయించుకోలేదనే అనుకుంటుంది. ఆయాసం సంగతి డాక్టరు చెవిన వేసి ఊరుకుంటే, అది గడిలోకి ఎక్కకపోతే, గంట మోగదు. దస్త్రం ఎంత నిజమో హెచ్చరిక అంత నిజం.

పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు తమ క్లినిక్కుల లెక్కలు తీసి 2018లో ఒక విచిత్రం ప్రకటించారు. పొద్దున ఎనిమిది గంటలకు వచ్చిన రోగులలో నూటికి 44 మందికి ఫ్లూ టీకా పడుతున్నది. సాయంత్రం నాలుగు గంటలకు వచ్చినవారిలో 32 మందికే. రోగులు మారలేదు, జబ్బులు మారలేదు. డాక్టరు అలిసిపోయాడు, అంతే. పొద్దు ఎక్కిన కొద్దీ పని వెనకబడి, టీకా మాట రేపటికి పోతున్నది.

ఇక్కడ వారు చేసిన మార్పు చాలా చిన్నది. హెచ్చరికను డాక్టరు తెర మీద కాక, అంతకుముందే రోగిని కూర్చోబెట్టి బరువూ రక్తపోటూ చూసే సహాయకురాలి తెర మీద వచ్చేట్టు చేశారు. ఆమె రోగితో ఒక మాట కదిపి, సరేనంటే ఆర్డరు సిద్ధం చేసి ఉంచేది. డాక్టరు సంతకం పెట్టడమే తరువాయి. టీకాలు చెప్పుకోదగినంత పెరిగాయి. అయితే సాయంత్రపు అలసట మాత్రం పూర్తిగా పోలేదు.

ఇండియానాపోలిస్‌వారు ఇంకొక అడుగు ముందే వేశారు. డాక్టరుకు గుర్తు చేయడం మేలా, డాక్టరు ప్రమేయం లేకుండా నర్సే టీకా వేసేట్టు శాశ్వతమైన ఉత్తరువు ఇవ్వడం మేలా అని పోల్చి చూశారు. 2004లో ఫలితం వచ్చింది. గుర్తు చేసినచోట నూటికి 30 మందికి టీకా పడితే, నర్సుకు అధికారం ఇచ్చినచోట 42 మందికి పడ్డది. ఈ అంకెలను పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి. మళ్ళీ చేవెళ్ళ వచ్చినప్పుడు దీనితో పని ఉన్నది.

"నాన్నా, పులి!"

ముళ్ళు మంచివి గదా అని కొంగంతా ముళ్ళు వేసుకుంటే ఏ ముడి దేనికో తెలియదు. కంప్యూటరు హెచ్చరికలకు కూడా ఇదే జబ్బు పట్టింది. ఈ మందుతో ఆ మందు పడదు, ఈ గడి ఖాళీగా ఉన్నది, ఆ సంతకం మిగిలింది అంటూ రోజుకు పదులకొద్దీ గంటలు మోగేసరికి డాక్టర్లు చదవకుండానే కొట్టేయడం అలవాటు చేసుకున్నారు. "నాన్నా పులి" అని పిల్లవాడు మాటిమాటికీ అరిచిన కథ మనకు తెలిసిందే. నిజంగా పులి వచ్చిన రోజున ఎవరూ రాలేదు.

గుర్తు చేయడం వల్ల వచ్చే లాభానికి కూడా ఒక ఎల్ల ఉన్నది. డెన్మార్కు దేశంలో 65 ఏళ్ళు దాటిన దాదాపు తొమ్మిది లక్షల అరవై వేలమందిని 2022లో ఒక ప్రయోగంలో చేర్చారు. ప్రభుత్వం వారికి కంప్యూటరు ద్వారా రకరకాల ఉత్తరాలు పంపింది. ఫ్లూ టీకావల్ల గుండెకు కూడా మేలు అని రాసిన ఉత్తరం బాగా పనిచేసింది. కాని ఎంత? 80.12 నుంచి 81 దాకా. ఒక పాలు కూడా నిండలేదు. అక్కడ టీకా ఉచితం, నమ్మకం గట్టిది, ఎనభైమంది ముందే వేయించుకుంటున్నారు. మిగిలినవారికి మరుపు ఒక్కటే అడ్డు కాదు. నిండిన కుండలో ఎన్ని నీళ్ళు పోయగలం?

మన కుండ సంగతి వేరు. ఇంకా అడుగు కూడా తడవలేదు.

మన పల్లెలో ముడి లేదా?

ఉన్నది. కంప్యూటరు రాకముందునుంచీ ఉన్నది. బుధవారం, శనివారం వచ్చాయంటే ఏ.ఎన్.ఎం. అమ్మాయి టీకాల పెట్టె భుజాన వేసుకుని ఊళ్ళోకి వస్తుంది. ఆమె రావడానికి ముందే ఆశా కార్యకర్త చేతిలో ఒక జాబితా ఉంటుంది. ఏ ఇంటి బిడ్డకు ఏ సూది బాకీ ఉన్నదో అందులో పేరుపేరునా ఉంటుంది. దాన్ని వాళ్ళు డ్యూ లిస్టు అంటారు. ఆశా వాకిట్లో నిలబడి, "ఓ లక్ష్మీ, నీ బిడ్డకు సూది ఉన్నది, పన్నెండింటికల్లా రా" అని కేకేస్తుంది. ఇంతకంటే మంచి హెచ్చరిక ఏ యంత్రమూ చేయలేదు. అది పేరు పెట్టి పిలుస్తుంది, టీకా సిద్ధంగా ఉన్నప్పుడే పిలుస్తుంది, రాకపోతే మళ్ళీ పిలుస్తుంది.

ఈ జాబితా మెల్లగా కంప్యూటరులోకి ఎక్కింది. 2017 జూనులో తెలంగాణ ప్రభుత్వం కె.సి.ఆర్. కిట్టు పథకం మొదలుపెట్టినప్పుడు గర్భిణుల పేర్లన్నీ ఒక కంప్యూటరు దస్త్రంలో నమోదయ్యాయి. మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేలు రూపాయలు విడతలుగా ఇచ్చేవారు. ఆ విడతలలో కొన్నింటిని బిడ్డకు పడే టీకాలకు ముడిపెట్టారు. సూది పడ్డట్టు దస్త్రంలో ఎక్కితేనే డబ్బు. ఇది కూడా ఒక ముడే, డబ్బు కట్టిన కొంగుముడి!

2021 జనవరి 16న దేశమంతటా కరోనా టీకాలు మొదలయ్యాయి. కోవిన్ అనే దస్త్రం పల్లెపల్లెకూ వచ్చింది. మొదటి సూది పడగానే ఫోను "టింగు" మంది. రెండవది ఎప్పుడో కూడా అదే చెప్పింది. చదువురాని తాతయ్య సయితం మనుమడిచేత ఆ సందేశం చదివించుకున్నాడు. 2022 జూలై 17 నాటికి దేశంలో 200 కోట్ల సూదులు పడ్డాయి. అదే పద్ధతిలో పిల్లలకూ గర్భిణులకూ యు-విన్ అనే దస్త్రాన్ని 2023లో కొన్ని జిల్లాలలో ప్రయోగాత్మకంగా ఆరంభించారు. 2021 సెప్టెంబరు 27న ప్రారంభమైన జాతీయ పథకం కింద ఎవరైనా పద్నాలుగు అంకెల ఆరోగ్య సంఖ్య తీసుకోవచ్చు. మన కేసుషీట్లన్నీ ఒక తాటి మీదికి రావడానికి అది దారి. ముప్పై ఏళ్ళు దాటినవారికి ఊళ్ళోనే బి.పి., షుగరు చూసి ఏ.ఎన్.ఎం.లు వివరాలు టాబ్లెటులో ఎక్కిస్తున్నారు. అంటే మన పెద్దావిడ షుగరు సంగతి ఇప్పుడు గడిలో రాసే పద్ధతి ఉన్నదన్నమాట.

మరి ఇంకా ఏమి కొరవ? యంత్రం ఉన్నది, జాబితా ఉన్నది, పిలిచే మనిషి ఉన్నది. ఫ్లూ టీకా మాత్రం ఆ జాబితాలో లేదు. ప్రభుత్వం ఉచితంగా వేసే సార్వత్రిక టీకాల కార్యక్రమంలో అది చేరలేదు. వైద్య సిబ్బందికీ, గర్భిణులకూ, ముసలివారికీ, దీర్ఘవ్యాధులున్నవారికీ మంచిదని కేంద్ర ఆరోగ్యశాఖ సలహా చెప్పింది. పిల్లల డాక్టర్ల సంఘం ఆరు నెలలనుంచి అయిదేళ్ళ దాకా పిల్లలందరికీ ఏటా వేయించమంటున్నది. కాని సలహా వేరు, సరఫరా వేరు. ప్రైవేటున కొంటే చాలాచోట్ల ఒక్క సూది వేయి రూపాయలు దాటుతుంది. టొమాటో ధర పడిపోయిన నెలలో ఇంట్లో ఇద్దరు ముసలివారికి సూదులు కొనడమంటే రైతుకు మాటలా?

చిత్రమేమంటే, ప్రపంచం నలుమూలలకూ టీకాలు తయారుచేసి పంపే నగరం హైదరాబాదు. అక్కడికి కూరగాయలు పంపే పల్లెలో పెద్దావిడ, "సూదులు పసిపోరగాండ్లకు గద బిడ్డా, నాకెందుకు?" అని అడుగుతుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమెకు ఏటా ఒక సూది ఉన్నదని ఎవరూ చెప్పలేదు.

ఏమి చేస్తే బాగుంటుంది?

విదేశాల అనుభవంనుంచి మనకు పనికివచ్చే పాఠాలు మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది: టీకా ఫ్రిజ్జులో ఉన్నప్పుడే గంట మోగాలి. ఫ్లూ టీకాను 2 నుంచి 8 డిగ్రీల చలువలో ఉంచాలి. కరెంటు పోతే ఆ చలువ నిలిచే పెట్టెలు మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పిల్లల టీకాలకోసం ముందే ఉన్నాయి. టీకా లేకుండా గుర్తుమాత్రం చేస్తే, ఆకలిగొన్నవాడికి భోజనవేళ చెప్పినట్టే.

రెండవది: గంట వినవలసినది అలిసిపోయిన డాక్టరు కాదు. ఇండియానాపోలిస్‌లో నర్సు చేతికి ఇచ్చినప్పుడే టీకా ఎక్కువమందికి పడ్డది గదా? మన పల్లెలలో టీకాలు వేసేది ఎన్నాళ్ళనుంచో ఏ.ఎన్.ఎం.లే. ఈ విషయంలో మనం కొత్తగా నేర్చుకోవలసింది లేదు. ఉన్న అలవాటును పెద్దవారికి కూడా విస్తరించాలి. బి.పి., షుగరు మాత్రలు పంచే రోజున అదే మనిషి, అదే జాబితాతో, సూది కూడా వేస్తే, మన పెద్దావిడ వేరే రోజు కూలీ మానుకుని రానవసరం లేదు.

మూడవది: ఒక్క గంట చాలు. అదీ వానలకు ముందు. మన ప్రాంతంలో ఫ్లూ ముఖ్యంగా వానాకాలంలో, మళ్ళీ చలికాలం చివర్లో చెలరేగుతుంది. అమెరికావారిలా అక్టోబరుదాకా ఆగితే మన వానాకాలం వట్టిగా పోతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొత్త టీకా వచ్చినప్పుడే వేయించుకోవడం మేలని మనవైపు వైద్యులు చెబుతారు.

అందాకా మన ఇంట్లో

ప్రభుత్వం జాబితాలో చేర్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. పాలలెక్క, గ్యాసుబండ తేదీ రాసుకునే గోడ క్యాలెండరు ప్రతి ఇంట్లోనూ ఉన్నది. ఉగాది పండుగనాడు పంచాంగం విన్న తరువాత, ఆ క్యాలెండరులో మే నెల గడిలో ఒక మాట రాయండి: "అమ్మకు ఫ్లూ సూది, అడగాలి." అంతే ముడి.

డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఆయన గుర్తు చేస్తారని ఎదురుచూడక మనమే అడగాలి. "ఈ ఏడు ఫ్లూ టీకా వేయించాలా డాక్టరుగారూ?" ఈ ఒక్క ప్రశ్న ఏ కంప్యూటరుకూ తీసిపోదు. పూర్వం ఏదైనా టీకాకు ఒళ్ళు దద్దురెక్కడం, ఊపిరి ఆడకపోవడం జరిగితే ఆ మాట ముందే చెప్పాలి. జ్వరంతో ఉన్నరోజున తొందరపడనక్కరలేదు, తగ్గినాక వేయించవచ్చు. సూది పడ్డచోట ఒకటి రెండు రోజులు నొప్పి, కాస్త ఒళ్ళునొప్పులు ఉండవచ్చు. అది ఫ్లూ కాదు, ఒంట్లో కాపలా కూడుకుంటున్న గుర్తు. చిన్నపిల్లలకు మొదటిసారి వేయించేటప్పుడు నాలుగు వారాల ఎడంతో రెండు సూదులు పడతాయి. ఆరు నెలలు నిండని పసివారికి ఈ టీకా వేయరు. అందుకే గర్భిణికి వేస్తారు. తల్లికి పడ్డ సూది బిడ్డకు కూడా కొన్నాళ్ళు గొడుగు పడుతుంది. వేయించుకున్న తేదీని కాగితం మీద రాయించుకుని, వెళ్ళిన ప్రతిచోటా చూపించాలి. గడి నిండితేనే గదా దస్త్రం నిజం చెప్పేది!

మెక్‌డోనాల్డ్ ప్రయోగం జరిగి యాభై ఏళ్ళు కావస్తున్నది. మనిషి మరిచిపోతాడు, అది అతని నేరం కాదు అని ఆయన చెప్పిన మాటలో గొప్ప ఓదార్పు ఉన్నది. గుర్తు చేసే ఏర్పాటు చేతిలో ఉండి కూడా చేయకపోతే మాత్రం అది నేరమే అవుతుంది. చిలుకూరు భక్తుడు కార్డులో అంకె కొట్టేసినంత తేలికగా, ఆశా కార్యకర్త జాబితాలో పెద్దావిడ పేరు పక్కన ఒక గీత పడాలి. బుధవారం పొద్దున ఆమె వాకిట్లో నిలబడి పిలవాలి:

"ఓ పెద్దమ్మా! ఈసారి సూది పిల్లలకే కాదు, నీకు కూడా ఉన్నది. రా!"